ఇది బాగుందా, అది బాగుందా

జూన్ 3

ఈ డైరీ అద్దాల కంపెనీవాళ్ళు మా షాపు ఓనరుకిచ్చారు. ఆయన జీవితంలో రాసుకునేంత సంగతులేం లేవట, నాకిచ్చేశాడు. ప్రతి పేజీ అడుగునా "స్పష్టంగా చూడండి" అని అచ్చేసి ఉంది. సరే, చూద్దాం.

ఇవాళ ఇద్దరం ఆస్పత్రివాళ్ళ స్టడీలో చేరాం. మా ఆయనకి హెచ్ఐవి ఉంది. నాకు లేదు. ఆయనకి హెర్పిస్ కూడా ఉంది. అంటే ఆ చోట పొక్కులొస్తాయి, మాడతాయి, మళ్ళీ వస్తాయి. అది లోకంలో బోలెడుమందికి ఉంటుందని, ఉన్నట్టు వాళ్ళకే తెలియదని డాక్టరమ్మ చెప్పింది. ఆ జబ్బు ఉన్నవాళ్ళ నుంచి హెచ్ఐవి పక్కవాళ్ళకి తేలిగ్గా పాకుతుందట. మరి పొక్కుల్ని మాత్రతో అణిచిపెడితే ఆ పాకడం తగ్గుతుందా అన్నది వాళ్ళ ప్రశ్న. పక్కవాళ్ళంటే నేను.

పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మింగేది ఆయన, ఫలితం నాకు. సగంమందికి అసలు మాత్ర, సగంమందికి ఉత్తది. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఎవరిది ఏదో డాక్టరమ్మకి కూడా తెలియదు. హెచ్ఐవి మందులు మొదలుపెట్టేంతగా ఆయన రక్తం ఇంకా దిగజారలేదట, కాబట్టి ప్రస్తుతానికి ఉన్నదల్లా ఇదే.

నేను ఒప్పుకున్నది స్టడీ కోసం. అది అయిపోగానే అక్క దగ్గరికి వెళ్ళిపోతాను. రేపు నేను మాట మార్చకుండా ఇక్కడ రాసిపెట్టుకుంటున్నాను.

జూన్ 4

ఎక్కడ తెచ్చుకున్నావని మొదటిసారి అడిగినప్పుడు, అపెండిక్స్ ఆపరేషన్‌లో రక్తం ఎక్కించారు కదా, అందులో వచ్చి ఉంటుందన్నాడు. ఆ ఆపరేషన్‌లో రక్తం ఎక్కించలేదు. పక్కన కూర్చుని సెలైన్ బాటిల్ చూసుకున్నది నేనే. రెండోసారి అడిగితే నిజం చెప్పాడు. ఆ నిజం ఇక్కడ రాయను.

నిజం కంటే ఆ ఆపరేషన్ కథే నన్ను ఎక్కువ మండించింది. ఇక ఎప్పుడూ నీకు అబద్ధం చెప్పనన్నాడు. చెప్పినవాళ్ళంతా అనే మాటే అది.

ఆ రోజు నుంచి "మీరు" అనడం మానేశాను. "నువ్వు" అంటున్నాను. ఆయన గమనించనట్టే ఉన్నాడు.

జూన్ 10

స్టడీలో మమ్మల్ని చూసే కౌన్సెలరు ఏ మాటకైనా ముందు "నిదానంగా" అంటుంది. నిదానంగా కూర్చోండి, నిదానంగా చెప్పండి. అందుకని ఇక్కడ ఆవిడ పేరు నిదానం.

కండోములు సంచీడిచ్చింది. మాత్ర అసలుదైనా ఉత్తదైనా ఇవి మానకూడదంది. ఎప్పుడైనా తెగితే మాత్రం మర్నాడే పరిగెత్తుకు రావాలట, వెంటనే అయితే నాకు వేసే మందుందట, ఆలస్యమైతే లేదట. నిదానం పనికిరాదని ఆవిడ అన్నది ఆ ఒక్కదానికే.

సంచీ తెచ్చి అలమరా మీద పడేశాను.

జూలై 8

నెలకోసారి వెళ్ళాలి. ఆయనకి మాత్రలిస్తారు, నాకు రక్తం తీస్తారు. ఆ తర్వాత నిదానం నన్నొక్కదాన్నీ కూర్చోబెట్టి, ఈ నెలలో మీరిద్దరూ ఎన్నిసార్లు కలిశారని అడుగుతుంది. సున్నా అన్నాను. రాసుకుంది. పోయిన నెల కూడా సున్నాయే రాసుకుంది.

అసలు ఏమీ జరక్కపోతే మాత్ర పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుందని అడిగాను. తెలియదంది. అంటే మా వల్ల సైన్సుకి ప్రస్తుతం చిల్లిగవ్వ ఉపయోగం లేదు. ఆయన హాల్లో పడుకుంటున్నాడు, నేను గదిలో.

జూలై 19

ఓనరు పిలిచి నోరు అదుపులో పెట్టుకోమన్నాడు.

షాపులో కళ్ళు పరీక్ష చేసేది నేనే. పరీక్ష ఫ్రేము ముక్కు మీద పెట్టి, అద్దాలు మారుస్తూ, ఇది బాగుందా, అది బాగుందా అని అడుగుతాను. మధ్యలో ఒకసారి అద్దం తీసినట్టే తీసి మళ్ళీ అదే పెడతాను. "ఆఁ, ఇది చాలా బాగుంది" అంటారు. అందరూ అంటారు. పోయిన వారం ఒక జడ్జిగారు కూడా అన్నారు. అబద్ధం కాదు పాపం, వాళ్ళకి నిజంగానే బాగుంటుంది. మారింది అనుకుంటే చాలు, బాగైపోతుంది. అందుకే ఒక్క మాట పట్టుకుని నేను నంబరు రాయను.

వీళ్ళ మీద నాకు కోపం లేదు. చార్టు బట్టీ పట్టేవాళ్ళ మీదే కోపం. డ్రైవింగ్ లైసెన్సు కోసమని వచ్చి, ముందువాడు చదువుతుంటే విని, అక్షరాలన్నీ నేర్చేసుకుంటారు. ఇవాళ ఒకడు నేను చార్టు మార్చేశాక కూడా పాత చార్టే గడగడా అప్పజెప్పాడు. మోసం చేస్తున్నది నన్ను కాదు నాయనా, రోడ్డు మీద నీకు ఎదురొచ్చేవాణ్ణి అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను.

ఆగస్టు 6

ఆస్పత్రి బెంచీ మీద మాకు స్నేహితులు దొరికారు. కటింగ్ షాపు నడిపే ఆయన, ఆయన భార్య. వాళ్ళదీ మా కథే, అక్కడా ఆయనకుంది, ఆవిడకి లేదు. ఆవిడ నన్ను చూడగానే "వదినా" అని వరస కలిపేసింది. ఎన్నాళ్ళుగానో ఎవరితోనూ చెప్పుకోలేనిది ఆ బెంచీ మీద అరగంటలో చెప్పేసుకున్నాం. మధ్యలో ఇద్దరం నవ్వాం కూడా, ఎందుకో గుర్తులేదు.

మగవాళ్ళిద్దరూ మాత్రల గురించే మాట్లాడుకున్నారు. కటింగ్ షాపాయన తన మాత్ర ఒకటి నీళ్ళలో వేసి చూశాడట. ఒకటి కొరికి చూశాడట, చేదుగా ఉందట. మా ఆయన కూడా అక్కడికక్కడే ఒకటి కొరికాడు. చేదే. రెండూ చేదుగానే చేయిస్తారని నిదానం వెనకనుంచి చెప్పి వెళ్ళిపోయింది.

సెప్టెంబరు 14

ఆయన మాత్ర మానడు. పొద్దున ఎనిమిది, సాయంత్రం ఎనిమిది. లిఫ్టులు బాగుచేసే మనిషి కదా, ఎక్కడో పదో అంతస్తులో గ్రీజు చేతుల్తో ఉన్నా సరే, జేబులోంచి తీసి మింగుతాడట. వాళ్ళ మేస్త్రీ నాకు ఫోన్‌లో చెప్పి నవ్వాడు. గ్యాస్ మాత్రలనుకుంటున్నాడు.

సీసా మీద రాసింది చదవడానికి చేయి బారెడు దూరం చాపుతున్నాడు. చత్వారం వచ్చింది. ఒకసారి నా కళ్ళు కూడా చూడకూడదా అన్నాడు. షాపుకొచ్చి వరసలో కూర్చోమన్నాను. రాలేదు. కళ్ళు చూడాలంటే మొహం మీదికి వంగాలి, ఎదుటివాళ్ళ ఊపిరి తగిలేంత దగ్గరగా. ఊళ్ళోవాళ్ళందరి కళ్ళూ అలాగే చూస్తాను.

అక్టోబరు 3

నాలుగు నెలలైంది, ఆయనకి ఒక్క పొక్కు రాలేదు. ఇంతకుముందు నెలకోసారి వచ్చేవి. కటింగ్ షాపాయనకి మొన్న మళ్ళీ వచ్చాయట.

మాది అసలు మాత్రే. ఇక నాకు అనుమానం లేదు. షాపుకొచ్చేవాళ్ళ సంగతి వేరు, నేను రోజూ పరీక్షలు చేసే మనిషిని.

అక్టోబరు 22

ఇవాళ సున్నా కాదు.

నవంబరు 5

నిదానం అడిగింది. చెప్పాను. తలెత్తకుండా రాసుకుంది. రాసుకున్నాక మాత్రం తలెత్తి, నిదానంగా, చాలా సంతోషమండీ అంది. సైన్సు కోసమే అన్నాను.

హాల్లో ఇప్పుడు చలి. అందుకని ఆయన గదిలో పడుకుంటున్నాడు. స్టడీ అయిపోగానే అక్క దగ్గరికి వెళ్ళడం ఖాయం, దానికీ దీనికీ సంబంధం లేదు.

జనవరి 9

తెగింది.

జనవరి 10

పొద్దున్నే ఆయన బూట్లు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆస్పత్రికి పోదాం పద అన్నాడు. షాపులో సరుకు లెక్క చూసే రోజు, ఓనరుకి ఏం చెప్పను అన్నాను. నేను చెప్తాను ఓనరుకి, పద అన్నాడు. అసలు మాత్ర మింగుతూ అంత భయమెందుకన్నాను. మళ్ళీ పద అన్నాడు. ఇంకో అరగంట అలాగే బూట్లతో నిలబడ్డాడు. నేను టిఫిన్ డబ్బా సర్దుకుని ఆయన పక్కనుంచే వెళ్ళిపోయాను.

ఆయన మొహం చూస్తే ముప్పు నాకు కాదు, ఆయనకే అన్నట్టుంది.

జనవరి 11

ఇవాళ కూడా బూట్లు వేసుకున్నాడు. వెళ్ళలేదు. నిదానం మొహం ఎలా చూడను, ఎలా తెగిందండీ అంటే ఏం చెప్పను. అయినా మాది అసలు మాత్ర.

జనవరి 24



మధ్యాహ్నం ఏదో అపార్ట్‌మెంటులో లిఫ్టు మధ్యలో ఆగి లోపల జనం ఇరుక్కున్నారని మేస్త్రీ ఇంటికి ఫోన్ చేశాడు. ఈయన ఫోన్ ఎత్తడం లేదట. కటింగ్ షాపులో ఉంటాడని వెళ్ళాను. ముందు తలుపు వేసి ఉంది. పక్కసందులోంచి వెళ్ళి వెనక గది తలుపు తోశాను.

ఇద్దరూ నేల మీద కూర్చుని ఉన్నారు. మధ్యలో గడ్డం నీళ్ళకి వాడే స్టీలు గిన్నె. గిన్నెలో తెల్ల మాత్రలు. రెండు సీసాలూ ఖాళీగా పక్కన దొర్లుతున్నాయి. కటింగ్ షాపాయన చేత్తో మాత్రలన్నీ బాగా కలియబెట్టి, దువ్వెన వీపుతో రెండు వాటాలు చేస్తున్నాడు. బఠాణీలు పంచుకుంటున్నట్టు.

నన్ను చూసి దువ్వెన ఆగిపోయింది.

ఏమిటిదని అడిగాను. మా ఆయనే చెప్పాడు. "మన ఇద్దరిలో ఒకడిది ఉత్తదైతే? కలిపేసుకుంటే ఇద్దరికీ ఎంతో కొంత అసలుది పడుతుంది. లిఫ్టుకి ఎప్పుడూ ఒక్క తాడే వెయ్యరు. ఒకటి తెగినా ఇంకోటి పట్టుకుంటుంది."

"గుడ్డికన్నా మెల్ల నయం కదా వదినా" అన్నాడు కటింగ్ షాపాయన. కళ్ళ షాపుదాన్ని కదా అని ఆ సామెత ఎంచుకున్నాడనుకుంటాను.

ఎప్పటినుంచి అన్నాను. డిసెంబరు నుంచట.

ముందు నువ్వు పో, లిఫ్టులో జనం ఇరుక్కున్నారు అన్నాను. వెళ్ళాడు. సాయంత్రం ఇంటికొచ్చాక అడిగాను.

"ఆ రోజు గుమ్మంలో అంతసేపు నిలబడ్డావు. ఈ మాట ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు వెళ్ళిపోతావని."

"చెప్పి ఉంటే ఆస్పత్రికి వెళ్ళేదాన్ని."

అప్పుడాయన ఏడ్చాడు. నేను ఓదార్చలేదు. పెళ్ళయ్యాక ఆయన ఏడవడం ఇదే చూడటం, అది చూసినా నాకు కోపమే వచ్చింది.

ఇప్పుడు పరిగెత్తుకెళ్ళినా ఆ మందు పనిచెయ్యదు. చేతులు కాలాక ఆకులు. ఆయన చార్టు బట్టీ పట్టాడు. రోడ్డు మీద ఎదురొచ్చింది నేను.

జనవరి 25

ఆయన పక్క మళ్ళీ హాల్లోకి పోయింది. చలి ఆయనకి.

జనవరి 28

నేను చెప్పమనలేదు. తనే పొద్దున్నే ఆస్పత్రికెళ్ళి, నిదానం ముందు కూర్చుని గిన్నె సంగతంతా చెప్పేశాడట. తెగిన సంగతి కూడా. తన పేరొక్కటే చెప్పి కటింగ్ షాపాయనని దాచబోతే, కలపడానికి ఇంకొకరుండాలి కదండీ అందట నిదానం.

మమ్మల్ని స్టడీలోంచి తీసెయ్యరట. జరిగింది జరిగినట్టు రాసుకుంటారట, అలా రాసుకోకపోతేనే లెక్క తప్పుతుందట. ఇలా గిన్నెలో కలుపుకున్న జంటల్లో మేము నాలుగో జంటట. ఆవిడకి ఆశ్చర్యం కూడా కలగలేదు.

ఆవిడ ఈయన్ని ఏమీ అనలేదు. నన్ను మాత్రం పిలిపించి, ఆ మర్నాడు మీరెందుకు రాలేదండీ అని అడిగింది. సరుకు లెక్క అన్నాను.

ఫిబ్రవరి 25

రక్తం ఇచ్చాను. లేదన్నారు. కానీ ఇప్పుడు లేదంటే లేనట్టు కాదు, ఏప్రిల్‌లో చూసినదే ఖాయమట.

మార్చి 11

అక్క ఫోన్ చేసింది. ఎప్పుడొస్తావే, రావే, అంటోంది. ఏప్రిల్ తర్వాత చెప్తానన్నాను. ఏప్రిల్లో ఏముందంది. సరుకు లెక్క అన్నాను.

మార్చి 19

భయమేస్తోంది. పగలు షాపులో బాగానే ఉంటాను. చీకటి గదిలో ఎవరి కంట్లోనో టార్చి వేసి, తియ్యడం మర్చిపోతాను. ఒకావిడ నా కళ్ళు అంత పాడైపోయాయా అమ్మా అని అడిగింది. మీవి కాదండీ అన్నాను.

ఏప్రిల్ 12

రక్తం తీసి, మధ్యాహ్నం దాకా కూర్చోమన్నారు. బెంచీ మీద నేను, కటింగ్ షాపావిడ. ఆవిడ నా చెయ్యి వదల్లేదు. మా ఆయన ఉన్నట్టుండి మాయమయ్యాడు. పారిపోయాడనుకున్నాను. కాసేపటికి వరండా చివర లిఫ్టు తలుపు తెరిచి, అందులోకి సగం దూరిన కాళ్ళు కనిపించాయి. ఆ లిఫ్టు మేము స్టడీలో చేరినప్పటినుంచీ చెడిపోయే ఉంది. బాగుచెయ్యమని ఈయన్ని ఎవరూ అడగలేదు. వాచ్‌మన్ వచ్చి ఎవరు నువ్వని కేకలేస్తుంటే కూడా బయటికి రాలేదు.

నిదానం పిలిచింది. లేదండీ, మీకు రాలేదు, అంది. ఇక ఖాయం. "నిదానంగా" అనడం మర్చిపోయింది.

బయటికొచ్చి లిఫ్టు దగ్గర నిలబడ్డాను. ఆయన కాళ్ళే కనిపిస్తున్నాయి. "రాలేదట" అన్నాను కాళ్ళతో. లోపల్నుంచి స్పానర్ కిందపడ్డ చప్పుడైంది.

లిఫ్టులోనే కిందికి దిగాం. బాగానే పనిచేస్తోంది.

జూలై 15

స్టడీ అయిపోయింది. అందరినీ హాల్లో కూర్చోబెట్టి డాక్టరమ్మ చెప్పింది. అసలు మాత్ర మింగినవాళ్ళకి పొక్కులు బాగా తగ్గాయట. కానీ హెచ్ఐవి పక్కవాళ్ళకి పాకడంలో మాత్రం అసలుదానికీ ఉత్తదానికీ తేడా ఏమీ లేదట. పనిచేస్తుందని ఎంతో ఆశపడ్డామని, పనిచెయ్యదని తెలియడం కూడా తెలియడమేనని అంది. నాకు ఆవిడంటే అప్పుడు ఇష్టం కలిగింది. లేదని ఒప్పుకోవడానికి చాలా గుండె కావాలి.

తర్వాత ఒక్కొక్కరికీ ఎవరిది ఏ మాత్రో చెప్పారు. కటింగ్ షాపాయనది అసలుది. మాది ఉత్తది.

నాలుగు నెలలు ఒక్క పొక్కు రాలేదని చూసి అసలుదే అని తేల్చింది ఎవరయ్యా అంటే, రోజూ పరీక్షలు చేసే మనిషి. పొక్కులు వాటంతటవే కొన్నాళ్ళు రావడం మానేస్తాయట. పేజీ అడుగున "స్పష్టంగా చూడండి" అని ఉంది. చూశాను.

కటింగ్ షాపాయన మా ఆయన భుజం మీద చెయ్యేసి, నా అసలువి సగం తినేశావు కదరా అన్నాడు. వాళ్ళావిడ, అసలైతేనేం ఉత్తదైతేనేం, దొందూ దొందే అని తేలిందిగా, ఇంటికి పద అంది. అందరం నవ్వాం. ఆవిడకి కూడా రాలేదు.

జూలై 16

సాయంత్రం ఎనిమిదికి ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళాడు. గ్లాసు నిండా నీళ్ళు పట్టుకున్నాడు. జేబులో చెయ్యి పెట్టాడు. మాత్ర లేదు. కాసేపు నిలబడి, ఉత్త నీళ్ళు తాగేసి వచ్చి కూర్చున్నాడు.

ఆ గిన్నెలోవి తీసేస్తే, ఇన్నాళ్ళూ మింగింది సున్నమో, పిండో. పూట తప్పకుండా మింగాడు.

తర్వాత కుర్చీ వేసుకుని అటక మీంచి నా పెద్ద సూట్‌కేసు దించాడు. గుడ్డతో దుమ్ము తుడిచి గది గుమ్మంలో పెట్టాడు. "స్టడీ అయిపోయిందిగా" అన్నాడు. అయిపోగానే వెళ్ళిపోతానని ఎప్పుడన్నా ఆయనతో పైకి అన్నానా అని ఆలోచించాను. పోయినేడు జూన్‌లో అన్నట్టున్నాను.

జూలై 18

సూట్‌కేసు గుమ్మంలోనే ఉంది. వెళ్ళేముందు ఆ కళ్ళ పనొకటి పూర్తి చేసేస్తే ఒక బాధ్యత తీరిపోతుందనిపించి, షాపుకి రమ్మన్నాను. వచ్చి వరసలో కూర్చున్నాడు. ఇద్దరి తర్వాత ఆయన వంతు.

చీకటి గదిలో కూర్చోబెట్టాను. పరీక్ష ఫ్రేము ముక్కు మీద పెట్టి, చెవుల దగ్గర సర్దాను. చెవి వెనక గ్రీజు మరక ఉంది. వంగాను. ఊపిరి తగిలింది. ఆయన ఊపిరి బిగపట్టుకున్నాడు, తగలకూడదని. మామూలుగా వదలండి అన్నాను. షాపులో అందరినీ మీరనే అంటాను.

దూరపు చూపు బాగానే ఉంది. దగ్గర అక్షరాల కార్డు చేతికిచ్చి అద్దాలు మార్చుకుంటూ వచ్చాను. ఇది బాగుందా, అది బాగుందా. ఒకటిన్నర నంబరు దగ్గర, బారెడు దూరాన పట్టుకున్న కార్డు మొహానికి దగ్గరగా వచ్చింది.

అప్పుడు ఆ అద్దం తీశాను. తీసినట్టు చప్పుడు చేశాను. మళ్ళీ అదే పెట్టాను.

"ఇప్పుడు చూడండి. ముందుది బాగుందా, ఇది బాగుందా?"

ఆయన కార్డు వంక చూశాడు. నా వంక చూశాడు. మళ్ళీ కార్డు వంక చూశాడు. ఏం చెప్తే నాకు నచ్చుతుందో వెతుక్కుంటున్నాడనుకున్నాను. అందరూ అదే చేస్తారు.

"రెండూ ఒకటేగా" అన్నాడు.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకెవ్వరూ ఆ మాట చెప్పలేదు. జడ్జిగారు కూడా చెప్పలేదు.

చీటీ మీద నంబరు రాశాను. రెండు కళ్ళకీ ప్లస్ ఒకటిన్నర. బయట ఓనరు అడిగాడు, ఎప్పటికివ్వాలని. ఈ అద్దాలు పైనుంచి తెప్పించాలండీ, చాలా రోజులు పడుతుంది, అన్నాను. ఓనరు నా మొహంలోకి అదోలా చూసి, అలాగేనమ్మా అన్నాడు. అవి వచ్చేదాకా నేను ఉండక తప్పదని మా ఆయనకి చెప్పాను. సరేనన్నాడు.

ప్లస్ ఒకటిన్నర మా షాపులో కింది డ్రాయరు నిండా ఉన్నాయి.